నాష్‌విల్ బయల్దేరేముందు ఒకసారి చదువు

తెనాలి

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాష్‌విల్ వెళ్తున్నాం నాన్నా, ఏం చూడమంటావు" అన్నావు. నేను గొంతు సవరించుకునేలోపే బుజ్జిగాడు ఏడుపు అందుకున్నాడు, నువ్వు పెట్టేశావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. అమెరికాలో అన్నయ్య దగ్గర ఐదు నెలలున్నాం కదా, ఆ అనుభవంతో చెబుతున్న మాటలే ఇవన్నీ.

మీ అట్లాంటా నుంచి రమారమి 250 మైళ్లు. వెళ్లేటప్పుడు గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఏదో లాభం వచ్చినట్టుంటుంది. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఆ గంట వడ్డీ లేకుండా లాగేసుకుంటారు. సోమవారం బుజ్జిగాడికి బడి కాబట్టి మధ్యాహ్నం రెండింటికల్లా అక్కడ కదలండి. చాటనూగా దాటాక మాంటీగిల్ దగ్గర కొండ ఎక్కి దిగాలి. లారీలు ఎక్కువ. అల్లుడుగారిని నిదానంగా పోనివ్వమను.

ఇంక అసలు సంగతి. నాష్‌విల్ అంటే కంట్రీ మ్యూజిక్ ఊరు, అమెరికా పల్లెల్లోంచి వచ్చిన పాటలన్నమాట. అక్కడికి వెళ్లినవాళ్లందరూ శనివారం రాత్రి బ్రాడ్‌వే వీధి మీద పడతారు. నువ్వు పడకు. బార్లన్నీ పక్కపక్కనే, మూడేసి అంతస్తులు, అంతస్తుకో బ్యాండు. మన తిరునాళ్లలో నాలుగు మైకులు ఒకేసారి మోగినట్టుంటుంది, ఒక్క పాటా చెవికెక్కదు. పైగా చాలాచోట్ల సాయంత్రం దాటితే 21 ఏళ్లు నిండనివాళ్లని లోపలికి రానివ్వరు. బుజ్జిగాడిని ఎత్తుకుని ఆ జనంలో ఏం తిరుగుతావు? అదే వీధికి ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్లు. మీ అమ్మా నేనూ అలాగే వెళ్లాం. హాల్లో పదిమంది కూడా లేరు. వేదిక మీద తెల్ల టోపీ పెట్టుకున్న ఒక తాత పెడల్ స్టీల్ గిటార్ ముందు కూర్చున్నాడు. బల్లలాంటి వాయిద్యం అది. ఎడమచేత్తో ఇనుప కడ్డీ ఒకటి తీగల మీద జారుస్తూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతూ వాయిస్తాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతడు, జారతాడు. వీణ మీద గమకం విన్నట్టే అనిపించి నేను కాఫీ చల్లారబెట్టుకున్నాను. పాట అయ్యాక ఒక అమ్మాయి బకెట్ పట్టుకుని వచ్చింది. లోపలికి టికెట్ ఉండదు, ఆ బకెట్లో పడే డబ్బుల మీదే వాళ్ల బతుకు. ఐదు డాలర్లు వేశాను. మీ అమ్మ అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చి నా వంక చూసింది.

ముందు శనివారం సంగతి చెబుతాను, ఎటో వెళ్లిపోయాను. దిగగానే రైమన్ ఆడిటోరియం చూడండి. బయటికి ఎర్ర ఇటుకల చర్చిలా ఉంటుంది. నిజంగానే ప్రార్థన మందిరంగా కట్టారు, 1892లో పూర్తయింది. కట్టించింది టామ్ రైమన్ అనే పడవల వ్యాపారి. బోధకుడిని ఎగతాళి చేద్దామని వెళ్లి, విన్నాక మనసు మారి కట్టించాడని చెప్పుకుంటారు. ఇప్పటికీ కుర్చీలు లేవు, పొడుగాటి చెక్క బెంచీలే. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కార్యక్రమం ఇక్కడే జరిగేది. ఆ తర్వాత ఊరి చివర కొత్త హాలు కట్టుకుని వెళ్తూ, ఈ వేదికలోంచి ఒక గుండ్రటి చెక్క ముక్క కోసి తీసుకెళ్లి కొత్త వేదిక మధ్యలో పొదిగారు. ఎంత పెద్ద గాయకుడైనా దాని మీద నిలబడే పాడాలి. 2010 వరదల్లో అది కూడా మునిగింది, బాగుచేసి మళ్లీ అక్కడే పెట్టారు.

శనివారం రాత్రి ఆ ఆప్రీకే టికెట్లు తీసుకో. 1925లో మొదలైంది, ఇప్పటికీ రేడియోలో లైవ్ వెళ్తుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెండు మూడు పాటలు పాడి వెళ్లిపోతారు, మధ్యలో అనౌన్సర్ వేదిక మీదే ప్రకటనలు చదువుతాడు. విజయవాడ రేడియో వింటూ పెరిగిన నాకు ప్రాణం లేచొచ్చింది. చలికాలంలో కొన్నాళ్లు ఆప్రీ పాత రైమన్‌కే వస్తుంది, టికెట్ కొనేముందు ఏ హాలో చూసుకో.

టైముంటే స్టూడియో బి ఒక్కటి వదలొద్దు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం నుంచి బస్సులో తీసుకెళ్తారు. పేరుమోసిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 200కు పైగా పాటలు రికార్డు చేసిన గది, చూస్తే మన కల్యాణమండపం స్టోర్ రూమంత ఉంటుంది. నాకు నచ్చింది ఎల్విస్ కాదు. ఆ ఊరి వాయిద్యకారులు పాటని అంకెల్లో రాసుకుంటారు. ఒకటి అంటే షడ్జమం మీద కట్టిన కార్డ్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపు), నాలుగు మధ్యమం మీద, ఐదు పంచమం మీద. గాయకుడు ఇవాళ గొంతు బాగాలేదు, శ్రుతి తగ్గించండి అంటే కాగితం మార్చే పనిలేదు. రామాలయం భజనలో రెండున్నర శ్రుతిలో ఎత్తుకున్న పాటని రెండుకి దింపితే నేను హార్మోనియం మీద చేసేదీ అదేగా! సరిగమల మీద నలభై ఏళ్లుగా చేస్తున్న పనికి వాళ్లు అంకెలు వేసుకున్నారు. ఈ మాట అన్నయ్యకి చెబితే "సరే నాన్నా" అన్నాడు, వాడికి సంగీతం పట్టదు.

బ్లూబర్డ్ కేఫ్ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పాటలు రాసినవాళ్లే మధ్యలో కూర్చుని, ఏ పాట ఎలా పుట్టిందో చెబుతూ పాడతారు. తొంభైమంది పట్టే చోటు, గుసగుసలాడినా ఊరుకోరు. బుజ్జిగాడితో కుదరదు, ఈసారికి వదిలెయ్.

ఫిస్క్ యూనివర్సిటీ మీదుగా ఒక్కసారి కారు పోనివ్వండి. బానిసత్వం పోయిన కొత్తలో నల్లవాళ్ల చదువు కోసం పెట్టిన బడి అది, నడపడానికి డబ్బుల్లేవు. 1871లో విద్యార్థులు కొందరు జట్టుగా బయల్దేరి, తమ పెద్దలు పొలాల్లో పాడుకున్న పాటలు ఊరూరా పాడారు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాల్ ఇంకా ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

పిల్లాడికైతే పార్థినాన్ చాలు. గ్రీకు గుడికి అచ్చమైన నకలు, లోపల బంగారు పూత వేసిన 42 అడుగుల ఎథీనా విగ్రహం. అరగంట పని. గణేశ ఆలయం బెల్లెవ్యూ వైపు ఉంది, దారి కుదిరితే వెళ్లండి.

తిండి విషయానికొస్తే, హాట్ చికెన్ అక్కడిదే. శనివారం నువ్వు తినవు, అల్లుడుగారు తింటారు కదా, కారం మీడియం దాటొద్దని చెప్పు. "గుంటూరు జిల్లావాణ్ణి, నాకు చెబుతావా" అని నేను హాట్ అడిగాను. కారం నూనెలో మరిగించి ముక్క మీద పోస్తారు, కింద బ్రెడ్డు కూడా ఎర్రగా నానిపోయి ఉంటుంది. సగం తినేసరికి చెవులు మూసుకుపోయాయి. మన కారం ముందే చెప్పి కొడుతుంది, అది తిన్నాక చెబుతుంది.

కారు మాత్రం హోటల్లోనే పెట్టండి. డౌన్‌టౌన్‌లో ఒక పార్కింగ్ లాట్‌లో డబ్బులు కట్టి, ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాం. నెల తిరక్కుండా అన్నయ్య ఇంటికి జరిమానా కాగితం వచ్చింది. వాడు ఇప్పటికీ దెప్పుతాడు.

ఆదివారం పొద్దున ఆ తెల్ల టోపీ తాత కనబడితే నా పేరు చెప్పి ఐదు డాలర్లు వెయ్యి. పది వేసినా పర్లేదు, మీ అమ్మకి మాత్రం చెప్పకు.

నాన్న