ఆడని మ్యాచ్‌లు లెక్కేసి కిందికి దించేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం,

2020లో కరోనా వల్ల ఫుట్‌బాల్ సీజన్లు మధ్యలో ఆపేసి రెలిగేషన్ (అంటే అట్టడుగు టీమ్‌లని కింది డివిజన్‌కి దించడం) తేల్చిన సంగతి మీద మీ ఆదివారం స్పోర్ట్స్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఫుట్‌బాల్ గురించి ఇంత వివరంగా రాసేవాళ్లే తక్కువ, అందుకు ముందుగా థాంక్స్ అండీ. కానీ చివరికొచ్చేసరికి, ఇదంతా పాత గొడవ, బలమున్న టీమ్ ఎలాగూ ఏడాదిలో మళ్లీ పైకొచ్చేస్తుంది, ఫ్యాన్సే ఇంకా పట్టుకుని లాగుతున్నారు అన్నట్టు తేల్చేశారు చూడండి, అక్కడ నాకు చాలా బాధేసింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

ఏడాదిలో తిరిగొచ్చేస్తారు అన్నారు కదా. హార్ట్స్ వచ్చింది, నిజమే, 2021లో స్కాట్లాండ్ రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్ గెలిచి. పార్టిక్ థిసిల్ కూడా అక్కడి మూడో డివిజన్ లీగ్ వన్ గెలిచి వచ్చింది. మరి ఇంగ్లండ్‌లో ట్రాన్‌మియర్ రోవర్స్ సంగతేంటి? ఫ్రాన్స్‌లో ఆమియాన్ సంగతేంటి? స్కాట్లాండ్‌లోనే స్ట్రాన్‌రార్ అని చిన్న క్లబ్ ఉంది, దాని సంగతేంటి? ఈ మూడూ ఐదేళ్లు గడిచినా అప్పుడు ఉన్న డివిజన్‌కి మళ్లీ చేరలేదు. పెద్ద క్లబ్ తట్టుకుంది కాబట్టి చిన్న క్లబ్‌కి జరిగింది అన్యాయం కాదు అంటే ఎలా అండీ. అసలు హార్ట్స్ తిరిగి రావడం ఒకటే రుజువు చేస్తుంది, ఆ టీమ్ దిగిపోవాల్సినంత చెత్త టీమ్ కాదని. ఆ సీజన్ స్కాటిష్ కప్ ఫైనల్ వాయిదా పడి 2020 డిసెంబర్‌లో ఆడారు, అప్పటికే రెండో డివిజన్‌లో ఉన్న హార్ట్స్ ఛాంపియన్ సెల్టిక్‌తో 3-3 దాకా లాగి పెనాల్టీల్లో ఓడింది. లీగ్ ఆపేసినప్పుడు దాని లెక్క ఏంటంటే 30 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు, పైనున్న హామిల్టన్‌కి 27, ఇంకా 8 మ్యాచ్‌లు మిగిలున్నాయి. ఎనిమిది మ్యాచ్‌లంటే 24 పాయింట్లు, అందులో నాలుగు పాయింట్ల తేడా పూడ్చలేరని ఎవరు చెప్పగలరు?

ట్రాన్‌మియర్ లెక్క ఇంకా దారుణం. ఇంగ్లండ్ మూడో డివిజన్ (దాని పేరూ లీగ్ వన్నే)లో ఆట ఆగేటప్పటికి చివరి మూడు మ్యాచ్‌లూ గెలిచి ఊపు మీద ఉన్నారు. 34 మ్యాచ్‌ల్లో 32 పాయింట్లు. సరిగ్గా పైన ఏఎఫ్‌సీ వింబుల్డన్, 35 మ్యాచ్‌ల్లో 35. అంటే మూడు పాయింట్లు వెనక, చేతిలో ఒక మ్యాచ్ ఎక్కువ, అది గెలిస్తే పాయింట్లు సమానం. 2020 జూన్ 9న క్లబ్బులన్నీ ఓటేసి సీజన్ ఇంతటితో సరి, మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లో చూసి ఫైనల్ టేబుల్ వేద్దాం అన్నాయి. వింబుల్డన్‌కి 1.00, ట్రాన్‌మియర్‌కి 0.94. అంతే, అయిపోయింది. ఇంకా 10 మ్యాచ్‌లు ఆడాల్సిన టీమ్‌ని 0.06 తేడాతో కింది డివిజన్‌కి పంపేశారు. అంతకుముందు రెండేళ్లూ వరసగా ప్రమోషన్ కొట్టి నాన్ లీగ్ (పై నాలుగు డివిజన్ల కింద ఉండే లీగ్‌లు) నుంచి ఎక్కొచ్చిన క్లబ్ అది. అక్కడిదాకా తోడున్న ఫ్యాన్‌కి ఈ 0.06 చూపించి సర్దుకోమంటే ఎలా సర్దుకుంటాడు?

ఈ సగటు లెక్కలో ఉన్న తిరకాసు మీ వ్యాసంలో అసలు రాలేదు. సగటు అంటే మిగిలిన మ్యాచ్‌లన్నీ కూడా ఆడేసిన మ్యాచ్‌ల లాగే ఉంటాయని అనుకోవడం. కానీ ఎవరికి ఇంట్లో ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయి, ఎవరికి టాప్ టీమ్‌లతో ఆటలు అయిపోయాయి, ఎవరు జనవరిలో కొత్త ప్లేయర్లని తెచ్చుకుని అప్పుడప్పుడే కుదురుకుంటున్నారు, ఇవేవీ అందులోకి రావు. స్కాట్లాండ్ రెండో డివిజన్‌లో ఉన్న పార్టిక్ థిసిల్‌నే చూడండి, 27 మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు, పైనున్న క్వీన్ ఆఫ్ ద సౌత్‌కి 28 మ్యాచ్‌ల్లో 28. ఆ ఒక్క మ్యాచ్ ఆడి గెలిచుంటే పార్టిక్‌కి 28 మ్యాచ్‌ల్లో 29, ఇద్దరూ తారుమారయ్యేవాళ్లు. ఒక మ్యాచ్ తక్కువ ఆడినందుకు ఒక క్లబ్ మూడో డివిజన్‌కి పోయింది, ఇంకేం చెప్పాలి. టేబుల్ పైభాగంలో కూడా ఇదే కథ, ఇంగ్లండ్ లీగ్ వన్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్న వికోంబ్ ఈ సగటుతో ఒక్కసారిగా మూడుకి ఎగబాకింది, ఆరో స్థానంలో ఉన్న పీటర్‌బరో ఏడుకి జారి ప్లేఆఫ్ (పై డివిజన్‌కి వెళ్లే ఆఖరి చోటు కోసం ఆడే మ్యాచ్‌లు) పోగొట్టుకుంది. వికోంబ్ ప్లేఆఫ్ ఆడి గెలిచి పైకెళ్లింది, వాళ్లని నేను తప్పు పట్టట్లేదు, వాళ్లు గ్రౌండ్‌లో గెలిచారు.

సగటు ఎంత తప్పుతుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు, అదే ఏడాది అదే దేశంలో ప్రీమియర్ లీగ్ పూర్తిగా ఆడారు కాబట్టి కళ్లముందే రుజువుంది. మార్చిలో ఆగేటప్పటికి ఆస్టన్ విల్లా 28 మ్యాచ్‌ల్లో 25 పాయింట్లతో 19వ స్థానం, వాట్‌ఫర్డ్ 29 మ్యాచ్‌ల్లో 27తో 17వ స్థానం. అక్కడే ఆపి సగటు తీసుంటే నార్విచ్, బోర్న్‌మత్‌తో పాటు విల్లా దిగిపోయేది, వాట్‌ఫర్డ్ మిగిలేది. జూన్ 17 నుంచి మళ్లీ ఆడారు, ఏమైంది? విల్లా చివరి నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి రెండు డ్రా చేసి 35 పాయింట్లతో బతికిపోయింది, 34తో వాట్‌ఫర్డ్ దిగిపోయింది. తొలిరోజే షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో గోల్‌లైన్ టెక్నాలజీ పనిచేయక ఒక గోల్ ఇవ్వలేదు, అది విల్లాకి కలిసొచ్చింది, ఆ విషయంలో బోర్న్‌మత్, వాట్‌ఫర్డ్ ఫ్యాన్స్ కోపం నాకు అర్థమవుతుంది. అయినా అది ఆటలో జరిగిన తప్పు, తర్వాత సరిదిద్దుకోవడానికి వాళ్లకీ మ్యాచ్‌లు మిగిలున్నాయి. ట్రాన్‌మియర్‌కి అదీ లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఓటింగ్. ఎవరు దిగిపోవాలో తేల్చే ఓటు వేసింది ఎవరండీ, అదే టేబుల్‌లో ఉన్న క్లబ్బులు! టేబుల్ కళ్లముందు పెట్టుకుని, ఏ రూల్ పెడితే మేం బాగుపడతాం ఏ రూల్ పెడితే మునుగుతాం అని తెలిసాక రూల్ రాసుకోవడం. స్కాట్లాండ్‌లో 2020 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తుందా? రెండో డివిజన్‌లోని పది క్లబ్బుల్లో ఎనిమిది ఒప్పుకుంటేనే సీజన్ ఇక్కడితో ముగించేద్దామన్న తీర్మానం పాసవ్వాలి. చివరికి అంతా డండీ క్లబ్ ఒక్క ఓటు మీదికొచ్చింది. మొదట వద్దు అని పంపిన ఓటు లీగ్‌కి అందలేదన్నారు, తర్వాత ఆ ఓటు లెక్కలోకి తీసుకోవద్దన్నారు, ఐదు రోజులు దేశమంతా ఎదురుచూశాక ఏప్రిల్ 15న సరే అని వేశారు. దాంతో కింది మూడు డివిజన్లు అక్కడికక్కడ ముగిసిపోయాయి, మే 18న పై డివిజన్ కూడా. ఎవరి మనసులో ఏముందో నేను చెప్పలేను, చెప్పను కూడా. కానీ పార్టిక్ ఫ్యాన్ ఎవరైనా సరే తన క్లబ్ తలరాత గ్రౌండ్‌లో కాకుండా ఒక ఈమెయిల్‌లో తేలిందని అనుకుంటే తప్పా?

పోనీ అందరికీ ఒకటే రూల్ అన్నా పెట్టారా అంటే అదీ లేదు. అదే స్కాట్లాండ్‌లో నాలుగో డివిజన్ అట్టడుగున ఉన్నది బ్రెకిన్ సిటీ. మామూలుగా అయితే కిందినుంచి వచ్చే క్లబ్‌తో ప్లేఆఫ్ ఆడి గెలిస్తేనే లీగ్‌లో ఉంటారు. ఆ ఏడాది ప్లేఆఫ్ ఆడలేం కాబట్టి వాళ్లని ఉంచేశారు, కింది లీగ్‌లు గెలిచిన కెల్టీ హార్ట్స్, బ్రోరా రేంజర్స్ అక్కడే ఉండిపోయాయి. అంటే ఆడలేకపోతే ఒక చోట అట్టడుగువాడు సేఫ్, ఇంకో చోట అట్టడుగువాడు ఔట్. హార్ట్స్, పార్టిక్ కలిసి కోర్టుకెళ్లాయి, కోర్టు ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల తీర్పుకి) పంపింది, జులైలో అక్కడా ఓడిపోయాయి. ఎవరినీ దించకుండా పై డివిజన్‌ని 14 టీమ్‌లు చేద్దామన్న ప్రతిపాదనకి 42 క్లబ్బుల్లో 16 మాత్రమే మద్దతిచ్చాయి.

అవతలి వాళ్ల బాధ నాకు తెలియక కాదు. కింది డివిజన్‌లో టాప్‌లో ఉన్న క్లబ్ ఏం పాపం చేసింది? నెదర్లాండ్స్‌లో ఏప్రిల్ 24న సీజన్ ఆపేసి ఛాంపియన్ లేదు, రెలిగేషన్ లేదు, ప్రమోషన్ కూడా లేదు అన్నారు, దాంతో రెండో డివిజన్‌లో ముందున్న కాంబ్యూర్, డి గ్రాఫ్‌స్కాప్ ఉసూరుమన్నాయి. కాంబ్యూర్ కోర్టుకెళ్లినా పని జరగలేదు. ఇంగ్లండ్ కింది లీగ్‌ల్లో అయితే ఫలితాలన్నీ చెరిపేశారు, సౌత్ షీల్డ్స్ 12 పాయింట్ల ముందున్నా పోయింది, జెర్సీ బుల్స్ ఆడిన 27 మ్యాచ్‌లూ గెలిచినా అవి లేనట్టే. 27కి 27! ఆ ఫ్యాన్స్ గురించి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కాబట్టి అన్నీ రద్దు చేసేయండి అని నేను అనట్లేదు. గెలిచినవాళ్లని పైకి రానివ్వండి, లెక్క ప్రకారం ఇంకా బతికే ఛాన్స్ ఉన్నవాళ్లని దించకండి, ఒక ఏడాదికి లీగ్‌ని పెద్దది చేయండి. ఆడి ఓడి దిగిపోవడం వేరు, ఆడనివ్వకుండా దించడం వేరు.

ఇది కుదరని పనేం కాదు, బెల్జియంలో కుదిరింది. వాస్‌లాండ్-బెవెరెన్ అట్టడుగున ఉంది, ఓస్టెండ్‌కి రెండు పాయింట్లు వెనక, మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్. దించేశారు. వాళ్లు ఊరుకోకుండా పోరాడి ఆర్బిట్రేషన్‌లో గెలిచారు, లీగ్‌ని 18 టీమ్‌లు చేశారు. మరుసటి ఏడాది ప్లేఆఫ్‌లో సెరాంగ్ చేతిలో ఓడి దిగిపోయారు, అది గ్రౌండ్‌లో ఆడి ఓడిపోవడం. ఫ్రాన్స్‌లో మాత్రం పది మ్యాచ్‌లు మిగిలుండగా ఆమియాన్, తులూజ్‌ని దించారు. తులూజ్ 13 పాయింట్లతో ఉంది, వాళ్ల కేసు బలహీనమే ఒప్పుకుంటాను. ఆమియాన్ అలా కాదు, 23 పాయింట్లు, పైన నీమ్‌కి 27, ఫిబ్రవరిలో పారిస్ సెయింట్ జర్మేన్‌తో 4-4 డ్రా చేసిన టీమ్. జూన్ 9న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ ఇద్దరి రెలిగేషన్‌ని ఆపి, లీగ్ సైజు మీద మళ్లీ ఆలోచించమంది. రెండు వారాలకే క్లబ్బులు మళ్లీ కూర్చుని 20 టీమ్‌లే చాలు అని ఓటేశాయి. టీవీ డబ్బులు 22 మందికి పంచేకంటే 20 మందికి పంచితే ఎవరికి లాభమో చిన్నపిల్లాడికైనా తెలుసు.

మన పాఠకులకి క్రికెట్ భాషలో చెప్తే తొందరగా అర్థమవుతుంది. 1992 వరల్డ్ కప్ సెమీస్‌లో సౌతాఫ్రికాకి 13 బంతుల్లో 22 పరుగులు కావాల్సింది, వాన తగ్గాక ఒక్క బంతికి 21 అయింది. ప్రపంచమంతా తిట్టింది. ఆ తర్వాతే డక్‌వర్త్ లూయిస్ వచ్చింది. దాని మీద ఎన్ని విమర్శలున్నా ఒక్క గొప్పతనం ఉంది, వాన రాకముందే ఆ రూల్ ఇద్దరు కెప్టెన్లకీ తెలుసు, ఏ ఓవర్ దగ్గర ఆగితే ఎంత స్కోర్ ఉండాలో కాగితం మీద ఉంటుంది. పైగా కనీసం ఇన్ని ఓవర్లు పడితేనే ఫలితం, వన్డేకి 20, టీ20కి 5. వాన వచ్చాక కెప్టెన్లు కూర్చుని ఓటేసుకోరు. ఫుట్‌బాల్ లీగ్‌లు కూడా అలాగే సీజన్ మొదలవ్వకముందే రాసిపెట్టాలి, ఎన్ని శాతం మ్యాచ్‌లు అయితే టేబుల్ చెల్లుతుంది, ఒక మ్యాచ్ తక్కువ ఆడినవాళ్లకి ఆ మ్యాచ్ ఎప్పుడు ఎక్కడ పెడతారు, ఎవరినీ దించలేకపోతే లీగ్ సైజు ఎంత, మళ్లీ మామూలు సంఖ్యకి ఎన్నేళ్లలో వస్తారు. సీజన్ మొదలయ్యే ఆగస్టులో ఎవరు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు కాబట్టి అప్పుడైతే అందరూ నిజాయితీగా ఓటేస్తారు.

ఇంకొక్క మాట. ఫ్యాన్స్ పట్టుకుని లాగుతున్నారు అన్నారు. రెలిగేషన్ అంటే టేబుల్‌లో ఒక గీత కాదండీ, టీవీ ఆదాయం పడిపోతుంది, మంచి ప్లేయర్లు వెళ్లిపోతారు, టికెట్ కౌంటర్‌లో, కిట్ రూమ్‌లో పనిచేసే వాళ్ల ఉద్యోగాల మీదికొస్తుంది. ఫ్యాన్‌కి మామూలుగా దిగిపోయేటప్పుడు కనీసం ఆఖరి మ్యాచ్ ఉంటుంది, వెళ్తాడు, అరుస్తాడు, ఏడుస్తాడు, చివర్లో నిలబడి ప్లేయర్లకి చప్పట్లు కొడతాడు లేదా తిడతాడు. వీళ్లకి అదీ దక్కలేదు, ఒక మీటింగ్ జరిగింది, సాయంత్రానికి ఫోన్‌లో న్యూస్ వచ్చింది. అలాంటివాళ్లని ఇంకా మర్చిపోలేదా అని అడగడం భావ్యం కాదు.

వీలైతే ఈ విషయం మీద ఇంకో వ్యాసం వేయండి, ఈసారి హార్ట్స్ గురించి కాకుండా స్ట్రాన్‌రార్, ట్రాన్‌మియర్, ఆమియాన్ గురించి. ఆ మార్చి నాటి పాయింట్స్ టేబుల్స్ కూడా పక్కనే ప్రింట్ చేయండి, ఎవరికి ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయో కనిపించేలా.

ఇట్లు,
మీ స్పోర్ట్స్ పేజీ పాఠకుడు