కారు కొటేషన్ మధ్యలో ఒక గీత గీయండి

సంపాదకులకు,

దసరా దగ్గర పడితే చాలు, పత్రికల నిండా కార్ల ప్రకటనలే. 'లక్ష రూపాయల వరకు ఆదా' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ 'వరకు'లో ఏమేం కలిపారో కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది. నగదు తగ్గింపు కొంత, పాత కారు ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ కొంత, ఫలానా కంపెనీల ఉద్యోగులకు కార్పొరేట్ డిస్కౌంట్ కొంత. పాత కారూ కంపెనీ ఉద్యోగమూ లేని రైతుకు, కిరాణా కొట్టు యజమానికి వీటిలో దక్కేది మొదటి ముక్క ఒక్కటే. మా నల్లగొండ, పాలమూరు వైపు మొదటిసారి కారు కొనే చాలామంది పరిస్థితి ఇదే. అందుకే బేరం ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడినా లాభం లేదో కొంత వివరంగా రాస్తున్నాను.

షోరూములో అడుగు పెట్టగానే 'ఎంత తగ్గిస్తారు' అని అడగొద్దు. 'అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర విడివిడిగా రాసి, స్టాంపు వేసి ఇవ్వండి' అని అడగాలి. ఆ కాగితం చేతికొచ్చాక ఇంటికి తెచ్చుకుని, ఒక తెల్ల కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. సర్కారుకు పోయేవన్నీ ఎడమ పక్క, షోరూముకూ బీమా కంపెనీకీ పోయేవన్నీ కుడి పక్క రాసుకోండి. ఎడమ పక్క పైసా తగ్గదు, అలాగే పైసా పెరగకూడదు. బేరమంతా కుడి పక్కనే.

రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు కలపని ధర, అంటే ఎక్స్‌షోరూమ్ ధర, 8 లక్షలున్న పెట్రోలు కారునే తీసుకుందాం. జీఎస్టీ ఆ ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజిను ఉన్న కార్లకు అది 18 శాతం. పైన పడేది లైఫ్ ట్యాక్స్. మన తెలంగాణలో 5 లక్షలు దాటి 10 లక్షల లోపున్న కారుకు 14 శాతం, అంటే 1,12,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ ఫీజు 600. లోను మీద కొంటే ఆర్సీలో హైపోతికేషన్, అంటే అప్పిచ్చిన బ్యాంకు పేరు, ఎక్కించడానికి 1,500. ఈ మూడూ కలిపితే 1,14,100. కార్డు, సర్వీసు ఛార్జీలు, సర్కారు వేసే సెస్సు ఏదైనా ఉంటే అది, వీటికి అదనం. కొటేషన్‌లో 'రిజిస్ట్రేషన్ 1,25,000' అని గుండుగుత్తగా రాసి ఉంటే, మిగతా పైసలు దేనికో రాసివ్వమనండి. రవాణా శాఖ రసీదు మీద ఎంతుంటే అంతే కడతానని చెప్పండి.

ఎడమ పక్క తప్పు పడేది రెండు చోట్ల. మొదటిది 10 లక్షల గీటు. 9,95,000 వేరియంటు వదిలి, అలాయ్ చక్రాల మీద మనసుపడి 10,05,000 వేరియంటుకు వెళ్తే తేడా పది వేలే అనిపిస్తుంది. కానీ లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, అదీ దాటిన ఐదు వేల మీద కాదు, మొత్తం ధర మీద. పన్ను ఒక్కటే ముప్పై వేలకు పైగా పెరుగుతుంది. దానికి తోడు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే షోరూము వసూలు చేసే ఆదాయపు పన్ను, కూడా పడుతుంది. ఆ టీసీఎస్ మీ పాన్ మీద జమై ఉంటుంది, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. రిటర్ను వేయనివాళ్లు దాన్ని వదులుకున్నట్టే.

రెండోది, మీ పేరిట ఇప్పటికే ఒక కారుంటే రెండో కారుకు 2 శాతం అదనపు పన్ను. 8 లక్షల మీద 16,000. పాత కారు అమ్మేశాం కదా అనుకుంటారు గానీ, ఆర్సీ ఇంకా మీ పేరిటే ఉంటే ఆన్‌లైన్ రికార్డులో అది మీదే. కాబట్టి ముందు పాత కారు పేరు మార్పు పూర్తి కావాలి, లేదా కొత్త కారును ఇంట్లో కారు లేని ఇంకొకరి పేరిట తీసుకోవాలి. ఎలక్ట్రిక్ కారుకైతే 2026 డిసెంబరు 31 వరకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ. కొటేషన్‌లో ఆ రెండు చోట్లా సున్నా లేకపోతే కాగితం వెనక్కి ఇచ్చేయండి.

ఇక కుడి పక్క. అసలు పైసలు కరిగేది ఇక్కడే. 'హ్యాండ్లింగ్', 'లాజిస్టిక్స్' అంటూ ఐదు నుంచి పది వేలు రాస్తారు. అది రవాణా శాఖకు పోయేది కాదు, కొట్టేయమనండి. 'ఎసెన్షియల్ కిట్' అంటే మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్లు, బాడీ కవరు. ఇవి తీసుకుంటేనే డెలివరీ అనే షరతు ఎక్కడా లేదు. నచ్చితే బయట కొనుక్కోవచ్చు. అండర్‌బాడీ కోటింగ్‌కు ఆరేడు వేలు పెట్టే ముందు ఒకటి తెలుసుకోవాలి. కారు బాడీ ఫ్యాక్టరీలోనే తుప్పు పట్టని ప్రైమరులో మునిగి వస్తుంది. ఉప్పుగాలి తగలని మన ఊళ్లలో కొత్త కారుకు ఆ పూత అవసరం తక్కువ. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం పనికొచ్చేదే, కానీ అదే రోజు కొనాలనేం లేదు. కంపెనీ వారంటీ ముగిసేలోపు తీసుకోవచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ ధర కాస్త పెరుగుతుంది.

బీమా దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ బీమా, కొత్త కారుకు 3 ఏళ్లది తప్పనిసరి. దాని ప్రీమియం ఎక్కడ కొన్నా ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 6,521, ఆ పైన 1500 సీసీ దాకా 10,640, అది దాటితే 24,596, వీటిపై జీఎస్టీ. తేడా వచ్చేదంతా మన కారు నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ భాగంలో, అదనంగా ఎంచుకునే యాడ్‌ఆన్‌లలో. ఇది ఒక ఏడాదికి తీసుకుంటే చాలు. ఒకే ఐడీవీ (కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ), ఒకే యాడ్‌ఆన్‌లు పెట్టి బయట రెండు కంపెనీల కొటేషన్ తెచ్చి షోరూము అంకె పక్కన పెట్టండి, తేడా వేలల్లో కనిపిస్తుంది. కొత్త కారుకు ఐడీవీ ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. ప్రీమియం తగ్గించి చూపడానికి దాన్ని దించితే, కారు పోయిన నాడు దెబ్బ మనకే. విడిభాగాల ధరలో అరుగుదల కోత లేకుండా క్లెయిము ఇచ్చే జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. మూసీ వాగులూ చెరువు అలుగులూ దాటే దారుల్లో తిరిగేవాళ్లు ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా తీసుకోవాలి, ఎందుకంటే నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిను పాడైతే మామూలు పాలసీ వర్తించదు.

'బయట బీమా తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదు' అని భయపెడతారు. క్యాష్‌లెస్ ఉండేదీ లేనిదీ ఆ వర్క్‌షాపుకు ఏ బీమా కంపెనీలతో ఒప్పందం ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఆ పేర్లు అడిగి, అందులో ఒక కంపెనీ దగ్గర నేరుగా తీసుకుంటే సరిపోతుంది. పాత కారుకు క్లెయిము లేకుండా నడిపినవాళ్లు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) లెటరు తెచ్చుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. చాలామంది దీన్ని అడగనే అడగరు. ఇప్పటికే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నవాళ్లు కొటేషన్‌లో ఆ బీమాకు మళ్లీ కట్టనక్కర్లేదు.

లోను విషయంలో 'ఏడు శాతమే' అన్న మాట వినపడితే ఫ్లాటా, రెడ్యూసింగా అని వెంటనే అడగండి. ఫ్లాట్ అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీద వడ్డీ, రెడ్యూసింగ్ అంటే తీరగా మిగిలిన అప్పు మీదే వడ్డీ. 6 లక్షలకు 5 ఏళ్లు, ఫ్లాట్ 7 శాతం అంటే నెలకు 13,500. రెడ్యూసింగ్ లెక్కలో అది దాదాపు 12.5 శాతం. అదే 6 లక్షలు బ్యాంకులో రెడ్యూసింగ్ 9 శాతానికి తీసుకుంటే నెలకు 12,455. ఐదేళ్లలో తేడా 62 వేల పైచిలుకు. షోరూములో రోజంతా బేరమాడి తగ్గించుకున్నదంతా ఇక్కడ తిరిగి పోతుంది. ముందే తీర్చేస్తే ఎంత ఛార్జీ అన్నది కూడా అడగాలి. పంట పైసలు చేతికొచ్చినప్పుడు ఒకేసారి కట్టేసే రైతుకు అదే ముఖ్యం.

ఎప్పుడు కొనాలన్నది కూడా లెక్కే. దసరా, ధనత్రయోదశి వారాల్లో బండ్లు వాటంతట అవే అమ్ముడవుతాయి, తగ్గించాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. ఆషాఢంలో, మూఢాల్లో షోరూములు ఖాళీగా ఉంటాయి. నెలాఖరు నాలుగైదు రోజుల్లో టార్గెట్ ఒత్తిడి ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢం చివరి వారంలో ఇన్వాయిస్ చేయించుకుని, శ్రావణం మొదట్లో బండి ఇంటికి తెచ్చుకోవచ్చు. బుకింగ్ ఒక్కటే చేస్తే చాలదు. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని బుకింగ్ ఫారం మీదే రాసి ఉంటుంది. డిసెంబరులో ఎక్కువ తగ్గింపు ఇవ్వడానికి కారణం, జనవరి వస్తే ఆ కారు పోయిన ఏటిది అవుతుంది. ఎనిమిది పదేళ్లు వాడుకునేవాళ్లకు అది మంచి బేరం. మూడేళ్లలో అమ్మేవాళ్లకు కాదు.

హైదరాబాదు షోరూములో కొన్నా లైఫ్ ట్యాక్స్ మారదు, మీ చిరునామాను బట్టి టీజీ 05 గానీ టీజీ 06 గానీ పడుతుంది. కాబట్టి అక్కడి కొటేషన్ ఒకటి, ఇక్కడివి రెండు పక్కపక్కన పెట్టి ఆఖరి అంకెలను పోల్చండి. తేడా ఐదారు వేలే అయితే ఇక్కడే కొనడం మేలని నా అభిప్రాయం, సర్వీసుకు తిరిగేది ఇక్కడే గనుక. పైసలు షోరూము కంపెనీ ఖాతాకే పంపాలి, సేల్స్‌మన్ ఫోన్ నంబరుకు కాదు. 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టరీత్యా నిషిద్ధం. వడ్లు, పత్తి అమ్మిన నగదు చేతిలో ఉంటే ముందే బ్యాంకులో వేసుకోండి.

ఆఖరి మెట్టు, రిజిస్ట్రేషన్ కాకముందే బండిని పగటి వెలుతురులో చూడటం. ఒకసారి మీ పేరు ఎక్కితే ఆ బండిని మార్చి ఇంకొకటి ఇవ్వరు. కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం, అంటే ఫామ్ 22 మీద తయారీ నెల, ఏడాది చూడండి. టైరు పక్కన అచ్చుగుద్దిన ఆఖరి నాలుగు అంకెలు చూడండి. 3825 అంటే 2025లో 38వ వారం. నాలుగు టైర్లూ స్టెప్నీ దగ్గర దగ్గర వారాలవై ఉండాలి. ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఎందుకని అడగండి. రబ్బరు మీద సన్నని వెంట్రుకల్లాంటి ముక్కలు అలాగే ఉంటే టైరు తిరగనట్టు. తలుపులు, బానెట్ సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా, రంగు ఒకే ఛాయలో ఉందా చూడాలి. మీటరులో పాతిక, ముప్పై కిలోమీటర్లుంటే మామూలే. హైదరాబాదు యార్డు నుంచి నడిపించుకుని వస్తే వంద దాటుతుంది, ట్రక్కు మీద తెప్పించమని బుకింగ్ నాడే రాయించుకోవాలి. యార్డులో నెలల తరబడి నిలిచిన బండికి బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బానెట్ ఎత్తి లైటు వేసి చూడండి. రెండు తాళాలు, జాకీ, స్పానరు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి.

జిల్లా రవాణా అధికారులను కోరేది ఒకటుంది. ప్రతి షోరూములో కొటేషన్ ఫారం ఆ నిలువు గీతతోనే అచ్చయ్యేలా చూడండి, సర్కారు వంతు ఒక పక్క, షోరూము వంతు ఒక పక్క. పత్రికలు కూడా ప్రకటనలో 'వరకు' అన్న మాట వేసినప్పుడు దాని షరతులను కనీసం వార్త అక్షరాలంత సైజులో వేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగొండ