నక్షత్రం మూడో రెక్క కత

నెల్లూరు
డిసెంబరు 23, రాత్రి

ఒరేయ్ రమణా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, పడతాను. దసరాకి రాయాల్సింది క్రిస్మస్‌కి రాస్తున్నా. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావేమో. నీకు ఫోన్‌లో ఏం చెప్పినా "ఆ... ఆ... తర్వాత" అంటూ అవతల కంప్యూటర్ కొట్టుకుంటూ ఉంటావు, నాకు వినబడుతుంది. ఈ కత అట్టా వినేది కాదు.

ముందు ఇంటి సంగతులు గబగబా. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్టాగే ఉన్నాయి. పాపకి పదో తరగతి, టెన్షన్ మాత్రం వాళ్లమ్మకి. పొలంలో నాట్లు పడ్డాయి. మా బావ ఇల్లు కడుతున్నాడు, వాస్తు కోసం మెట్లు రెండుసార్లు పగలగొట్టించాడు, అది వేరే ఉత్తరం. అంతే. ఇక అసలు సంగతి.

మొన్న రిపేరు షాపు షట్టర్ దించబోతుంటే డెకరేషన్ పని చేసే కుర్రోడొకడు అట్టపెట్టె పట్టుకుని దిగాడు. "అన్నా, కంట్రోలర్ పోయింది. చర్చిలో సెమీ క్రిస్మస్ నెత్తి మీదుంది. అడ్వాన్సు కూడా ఖర్చయిపోయింది" అని ఒక్క గుక్కలో చెప్పాడు. మైపాడు రోడ్డులో, ఇందుకూరుపేట రాకముందే ఒక పల్లె. అక్కడి చర్చి గంట గోపురం మీద పెద్ద నక్షత్రం కట్టాడట. అయిదు రెక్కలు, వెనక తోక, అన్నీ పిక్సెల్ బల్బులు, దేని రంగు దానికి విడిగా చెప్పొచ్చు. ఆ చెప్పే బోర్డే కంట్రోలర్.

పెట్టె తెరిచానో లేదో, కాలిన వాసన! ల్యాబ్‌లో నువ్వు కెపాసిటర్ ప్లస్సూ మైనస్సూ తిరగేసి పెట్టిన రోజు వాసనేరా. అదంతా గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నా. కుర్రోడు బిత్తరపోయాడు.

తర్వాత చూశా, నవ్వు పోయింది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ! నాలుగు పోగులు మెలేసి మరీ పెట్టారు. "ఎవడ్రా ఇది చేసింది?" అంటే, "ఏం చేయమంటావన్నా, ఫ్యూజు నిలబడ్డంలేదు, పెట్టిందల్లా పోతోంది" అన్నాడు. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉందని అది మొత్తుకుంటున్నట్టే కదరా. వీడు దాని నోరు మూసేశాడు.

నువ్వు బ్యాంకులో చేరి అన్నీ మర్చిపోయుంటావు కాబట్టి కొంచెం చెబుతా. ఇవి మన కాలం సీరియల్ సెట్లు కావు. ఒక్కో బల్బులో డబ్ల్యూఎస్ 2811 అనే చిప్పు ఉంటుంది. తీగకి యాభై బల్బులు, వాటి మధ్య మూడే వైర్లు: పన్నెండు వోల్టులు, గ్రౌండు, డేటా. ఎస్‌డీ కార్డులో ఉన్న డిజైన్ని కంట్రోలర్ చదివి, ఏ బల్బు ఏ రంగులో వెలగాలో డేటా వైరు మీద పంపిస్తుంది. బల్బుకి 24 బిట్లు, రంగుకి ఎనిమిది చొప్పున. పెళ్లి పంక్తిలో విస్తరాకుల కట్ట అందించినట్టు, మొదటి బల్బు తన వంతు తీసుకుని మిగతాది పక్కదానికి తోస్తుంది. అది చచ్చిందా, వెనకున్న వాటికి ఏమీ అందదు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, కింద పనికొస్తుంది.

సరే, బోర్డు బల్ల మీద పెట్టి మీటరు పెట్టా. అయిదు వోల్టుల లైనుకీ గ్రౌండుకీ మధ్య కీ... అని ఆగకుండా మోత. కెపాసిటర్ చార్జ్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం వచ్చే కూత కాదు, నికార్సయిన షార్ట్. ఎక్కడుందో కనుక్కోవడానికి పవర్ సప్లైలో కరెంటు బాగా తగ్గించి అయిదు వోల్టులిచ్చి, బోర్డు మీద స్పిరిట్ చుక్కలు వేశా. మిగతా చోట్ల తడి అట్టాగే ఉంది, ఒక్క చిప్పు మీద మాత్రం చూస్తుండగానే ఆవిరైపోయింది. దొరికాడు దొంగ! 245. తీగలు తగిలించే ఎనిమిది పోర్టులకీ డేటాని తోసే బఫర్ చిప్పు అదే. భూతద్దంలో చూస్తే దాని నడినెత్తిన ఆవగింజంత బొబ్బ. పక్కనే మూడో పోర్టు దారిలో ఉన్న 100 ఓముల రెసిస్టరు బొగ్గయిపోయింది. మూడో పోర్టుకి పన్నెండు వోల్టులు పోయే రాగి గీత కూడా బోర్డు మీంచి పొట్టులా లేచింది.

హాట్ ఎయిర్‌తో 245ని పీకేశా. మోత ఆగింది. కార్డు పెట్టి ఆన్ చేస్తే లోపలి ఎల్ఈడీ టక్కుటక్కుమని కొట్టుకుంటోంది. అంటే బోర్డు మెదడు, ఆ ప్రాసెసర్ చిప్పు, బతికే ఉంది! చేతికి పన్నెండు వోల్టులు తగిలినా, ఆ నలుసంత రెసిస్టరు తాను కాలిపోయి మెదడుని కాపాడింది. నాకు దాని మీద గౌరవం పుట్టిందంటే నమ్ము. నువ్వు నవ్వుతావని తెలుసు.

కొత్త చిప్పు కావాలి. కుర్రోడు ఎక్కడో తిరిగి 74హెచ్‌సీ245 పట్టుకొచ్చాడు. ఇది కాదురా, మధ్యలో "టీ" ఉండాలి, హెచ్‌సీటీ కావాలి అన్నా. "ఒక్క అక్షరానికి ఏముందన్నా" అంటాడు. సరే, చూపిస్తే గానీ వీడు నమ్మడని అదే అతికించి టేబుల్ మీద ఒక తీగ తగిలించా. బల్బులు పిచ్చెక్కినట్టు ఎర్రగా, పచ్చగా, తెల్లగా, ఇష్టమొచ్చినట్టు వెలుగుతున్నాయి. మెదడు పంపేది 3.3 వోల్టులు. అయిదు వోల్టుల మీద నడిచే హెచ్‌సీ చిప్పు 3.5 దాటితేనే "ఒకటి" అని ఖాయంగా ఒప్పుకుంటుంది. హెచ్‌సీటీకి రెండు చాలు. అదే తేడా. మా షాపు పక్కాయన చెన్నై వెళ్తుంటే రిచీ స్ట్రీట్ నుంచి రెండు తెప్పించా. ధర అడక్కు, టీ ఖర్చు. పోయిరావడానికే ఎక్కువ.

చిప్పు మార్చి, రెసిస్టరు మార్చి, లేచిపోయిన గీత స్థానంలో వైరు వేసి, ఫ్యూజు హోల్డర్ కొత్తది కట్టా. టేబుల్ మీద బంగారంలా పనిచేసింది. కుర్రోడు పెట్టె చంకలో పెట్టుకుని బయల్దేరుతున్నాడు. "ఎక్కడికిరా? దీన్ని చంపినోడు ఇంకా గోపురం మీదే కూర్చున్నాడు. మళ్లీ తగిలిస్తే మళ్లీ చంపుతాడు" అన్నా. ఈ కాలం రిపేర్లన్నీ ఇట్టాగే ఉన్నాయిరా. పోయింది మార్చడం, పంపించడం. ఎందుకు పోయిందని అడిగేవాడు లేడు. నీ బ్యాంకు వాళ్ల గురించి కూడా ఒకటి చెప్పాలి గానీ... వద్దులే.

సరే, షాపు మూసి వాడి బండెక్కా. పోతూ పోతూ కత మొత్తం కక్కించా. ముందు మూడో రెక్క ఒక్కటే వెర్రిమొర్రిగా వెలిగిందట. మర్నాడు మంచు బాగా కురిసిన రాత్రి ఫ్యూజు పోయింది. ఇంకోటి పెట్టారు, పోయింది. అప్పుడు మన రాగి తీగ ప్రవేశం. కాసేపు వెలిగి, టప్.

"మరి ఎంసీబీ పడలేదేందన్నా?" అని అడిగాడు, మంచి ప్రశ్నే. ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే పడిపోయే స్విచ్చి కదా అది. ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల్ని పన్నెండుకి దించే పవర్ సప్లై) పన్నెండు వోల్టులు, ముప్పై ఆంపియర్లది. అంటే 360 వాట్లు. అది నిండా లాగినా 230 వోల్టుల వైపు నాలుగు ఆంపియర్లు దాటదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కా? ఇస్త్రీపెట్టె అంతకంటే ఎక్కువ లాగుతుంది. పోనీ ఎస్‌ఎంపీఎస్ అయినా ఆగిందా అంటే, పైదాకా సన్నటి వైరు, దాని నిరోధం దానికుంది. షార్ట్ అని తెలియక పెద్ద లోడేదో అనుకుని అది పోస్తూనే పోయింది. ఆ వేడంతా వైర్ల మీదా బోర్డు మీదా పడింది. కింద థర్మకోల్ పశువుల పాక, ఎండుగడ్డి! చెబుతుంటే వాడి మొహం పాలిపోయింది. పాలిపోవాలనే చెప్పా.

అక్కడికెళ్లాక నా బండి ఇండికేటర్ బల్బుతో పని మొదలెట్టా. పన్నెండు వోల్టులు, పది వాట్లు. దాన్ని ప్లస్ వైరులో సిరీస్‌గా కలిపి ఒక్కో రెక్కకీ కరెంటివ్వడం. రెక్క బాగుంటే బల్బు వెలగదు, మహా అయితే మినుకుమంటుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతుంది, ఆంపియర్ కూడా దాటదు కాబట్టి ఏదీ కాలదు. ఒకటో రెక్క, చీకటి. రెండోది, చీకటి. మూడోది తగిలించగానే ఇండికేటర్ భగ్గుమంది. చుట్టూ మూగిన పిల్లకాయలు చప్పట్లు! వాళ్లకి అదే క్రిస్మస్ లైటు అనుకున్నట్టున్నారు.

ఇక ఎక్కాలి. వెదురు నిచ్చెన. ఎత్తంటే నాకెంత భయమో నీకు తెలుసు కాబట్టి ఆ పది నిమిషాల గురించి రాయను.

కింద నిచ్చెన పట్టుకున్నది సంఘ పెద్ద, రిటైర్డు టీచరు. నాకు భయమేస్తోందని కనిపెట్టాడేమో, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. "నాయనా, నువ్వెక్కింది ఉత్త నక్షత్రం అనుకోబాక" అని మొదలెట్టాడు. అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారట. ఏళ్ల తరబడి పనిచేసినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇక మూసేద్దామని 1853లో అమెరికాలోని ఆల్బనీలో మీటింగు పెడితే, మ్యాపులో బంగాళాఖాతానికి ఇవతల ఒంటరిగా ఉన్న నెల్లూరు గుర్తుని చూపించి ఒకాయన దాన్ని ఒంటి నక్షత్రం అన్నాడట. మూయలేదు. తర్వాత 1878 జూలై 3న ఒంగోలు వైపు గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారట. అంకె ఆయన రెండుసార్లు చెప్పాడు. "అందుకే మాకు నక్షత్రం వెలక్కపోతే పండగ కాదు" అన్నాడు. నేను పైన కటింగ్ ప్లేయర్ పళ్లతో పట్టుకుని ఉండా, ఊ కొట్టే పరిస్థితి కూడా లేదు. పుట్టినప్పటి నుంచి నెల్లూరులో ఉండి ఇది నాకు తెలియదు చూడు. నీకు తెలుసా? తెలిసుంటే ఎప్పుడూ చెప్పలేదేం?

షార్ట్ ఎక్కడుందో చెప్పనా? మూడో రెక్క మొదట్లోనే, మొదటి బల్బు ముందు. ఇనప ఫ్రేముకి వైర్లని బైండింగ్ వైరుతో కట్టి, ప్లేయరుతో బిగించి మెలేశారు, సెంట్రింగు పనిలో కమ్మీలు కట్టినట్టు! సముద్రపు గాలికి నక్షత్రం ఊగినప్పుడల్లా ఆ తీగ ప్లాస్టిక్ తొక్కని కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది. ముందు ప్లస్సుకీ డేటాకీ అంటుకుంది, పన్నెండు వోల్టులు వెనక్కొచ్చి 245ని తినేసింది. రెక్క వెర్రిగా వెలిగింది అందుకే. తర్వాత గ్రౌండుని కూడా కొరికింది, ఇక ఫ్యూజులు వరసపెట్టి పోయాయి. మూడు వైర్ల మీదా ఒకే వరసలో గాట్లు, చుట్టూ పచ్చగా చిలుము. ఫోటో తీశా, నీకు పంపిస్తా, దాచుకో.

కట్టుతీగలన్నీ కోసి పారేసి కేబుల్ టైలు వేయించా. కనెక్టర్లు నోరు పైకి పెట్టి ఉన్నాయి, మంచు నీళ్లు నిలవక ఏం చేస్తాయి? అన్నిటినీ కిందికి తిప్పి సిలికాన్ పూశాం. ఒక్కో రెక్కకీ విడిగా ఫ్యూజు. మూడో రెక్క మొదటి బల్బు ఎట్టాగూ చచ్చింది. దాన్ని తీసేసి వైరు కలిపేస్తే డిజైనంతా ఒక బల్బు జరిగిపోతుంది, అందుకని కుర్రోడి సంచిలో ఉన్న వేరే రకం బల్బు అతికించా.

స్విచ్ వేశారు. వెలిగింది రా! తోక ముందు ఎర్రగా పాకి, రెక్కల్లోకి ఎక్కి... సంఘ పెద్ద కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టరు అయ్యగారి భార్య కేకూ టీ పట్టుకొచ్చింది. నేను కేకు తింటూ పైకి చూస్తే, అన్నీ ఎర్రగా ఉన్నప్పుడు ఒక్కటి మాత్రం పచ్చగా! ఆ కొత్త బల్బులో రంగుల వరస వేరు, ఎరుపు చోట ఆకుపచ్చ. మారుస్తా ఉండండి అని లేవబోతే, పిల్లకాయలు ఒప్పుకోలేదు. ఆ బల్బుకి అప్పుడే పేరు కూడా పెట్టేశారు. ఏం పేరో ఊహించు. అవున్రా, అదే! నీ పేరే. నేను చెప్పలేదు, ఒట్టు.

డబ్బుల సంగతి ఇంకా తమాషా. ఆ కుర్రోడు జేబులోంచి నోట్లు తీసి లెక్కపెడుతుంటే వెనక నుంచి సంఘ పెద్ద వచ్చి... ఒరేయ్, కరెంటు పోయింది. మా ఇన్వర్టరు బ్యాటరీ సంగతి నీకు తెలుసుగా, బీప్‌బీప్‌మంటోంది అప్పుడే. సంక్రాంతికి వస్తున్నావా లేదా, అది రాయి ముందు. పిల్లలకి ముద్దులు, చెల్లెమ్మకి

నీ,
సుధా