తిరుపతికి తిరిగి రావాలంటే ముందు అద్దె ఇల్లు దొరకాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పెద్ద నగరాల ఖర్చు భరించలేక సొంత ఊళ్ళకు వచ్చేద్దామా అని ఆలోచించే కుటుంబాలు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా ఉన్నాయి. మా ఇంట్లో కూడా కొన్నాళ్ళుగా ఇదే చర్చ. మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో కె.ఆర్.పురం అవతల ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులే, ఒక పాప. తిరుపతికి వచ్చేస్తే ఎలా ఉంటుందమ్మా అని అడిగారు. వాళ్ళు రావాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. కానీ వాళ్ళకోసం ఇక్కడ ఇల్లు వెతకడం మొదలుపెట్టాక, ఈ విషయంలో ఊరు చేయాల్సిన పని కూడా చాలా ఉందని అర్థమై ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు అక్కడి లెక్క. రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు 36 వేలు అద్దె, పైన మెయింటెనెన్స్ 4 వేలు. దిగేటప్పుడే లక్షల్లో అడ్వాన్స్ కట్టాలి. పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడగడం బెంగళూరులో ఎప్పటినుంచో ఉన్న అలవాటు, ఇప్పుడు కొన్నిచోట్ల ఐదారు నెలలకు తగ్గింది గానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోసుకుంటారు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ నీళ్ళకోసం అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ అదనంగా డబ్బులు వేసుకున్నారు, బిందె నీళ్ళతో స్నానం ముగించి ఆఫీసుకు వెళ్ళిన రోజులున్నాయని మా అమ్మాయి చెప్పింది. స్కూలు ఫీజు, వ్యాను, పాపను చూసుకునే ఆమె జీతం అన్నీ కలిపితే ఇద్దరు సంపాదిస్తున్నా నెలాఖరుకు మిగిలేది చాలా తక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి అల్లుడు ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. డబ్బు ఎలాగో సర్దుకుంటాం, దీన్ని మాత్రం తట్టుకోలేకపోతున్నాం అంటాడు.

మరి తిరుపతిలో? అదే ఇల్లు 13, 14 వేలకు దొరుకుతుందని అందరూ చెబుతారు. కొర్లగుంట నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా తిరిగి చూశాను. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒకచోట పై పోర్షన్ ఖాళీగా ఉందంటే మెట్లెక్కి వెళ్ళాను. హాల్లో వరసగా ఐదు మంచాలు, ఒక్కో మంచం మీద మడతపెట్టిన దుప్పటి, గోడకు కొత్త ఏసీ, పడకగది తలుపు మీద రూం నంబరు అంటించి ఉంది. ఇంటావిడ మర్యాదగానే మాట్లాడింది. "శని, ఆదివారాల్లో ఒక్క రాత్రికే మూడు వేలు వస్తాయమ్మా, నెల అద్దెకు ఇస్తే నాకేం మిగులుతుంది" అంది. ఆమెను తప్పుపట్టలేను, ఆమెకూ కొడుకు చదువు, ఇంటి లోన్ ఉన్నాయి. కానీ ఆ వీధిలో ఒకప్పుడు టీచర్లు, దేవస్థానం ఉద్యోగులు, యూనివర్సిటీలో చదివే పిల్లలు అద్దెకుండేవాళ్ళు. ఇప్పుడు సగం ఇళ్ళ ముందు బయటి రాష్ట్రాల కార్లే కనిపిస్తున్నాయి. నెల అద్దెకు ఇచ్చేవాళ్ళు కొందరు మాంసం తింటారా అని అడిగారు, ఒకాయన మొహమాటం లేకుండా కులమే అడిగేశాడు. నగరం నుంచి వచ్చే పిల్లలకు ఇవన్నీ ఎలా చెప్పాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి కార్పొరేషన్‌లో ఉండేవాళ్ళు 2.87 లక్షల మంది. కొండకు రోజూ 60, 70 వేలమంది వస్తారు. ఆ భక్తుల వల్లే ఈ ఊరు బతుకుతోంది, అందులో అనుమానం లేదు, వాళ్ళకు గదులు కావాలి. అయితే కాపురం ఉండాల్సిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా రోజు అద్దె గదులైపోతుంటే నెల జీతంతో బతికేవాళ్ళు ఊరి చివరికి, అక్కడినుంచి పుత్తూరు రోడ్డుకో చంద్రగిరికో జరుగుతూ పోవాల్సిందే. చవకైన ఊరని వచ్చినవాళ్ళకు ఆ చవక ఎన్నాళ్ళు ఉంటుంది?

అద్దె ఎందుకు, స్థలం కొనేయండని బంధువుల సలహా. అంకణం (ఇక్కడ ఇంటి స్థలాన్ని కొలిచే లెక్క) ధర విన్నాక ఆ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ఒకవేళ కొనగలిగినా, 2021 నవంబర్ వరదలు మర్చిపోయినవాళ్ళే లోతట్టు లేఅవుట్లలో కళ్ళు మూసుకుని కొంటారు. కాలనీలు కాలనీలే నీళ్ళలో ఉండిపోయాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. నీళ్ళు పోవాల్సిన కాలువల మీద, చెరువుల పక్కన ఇళ్ళు కట్టుకుంటూ పోతే ఇంకేమవుతుంది?

వైద్యానికి మాత్రం తిరుపతికి వంక పెట్టలేం. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు ఉన్నాయి, ఇంకా పెద్ద జబ్బయితే రాయవేలూరు (తమిళనాడులోని వేలూరు) పెద్దాసుపత్రి దగ్గరే. చదువులకూ లోటు లేదు, 2015లో ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువులు, పరిశోధనల సంస్థ) రెండూ వచ్చాయి.

అసలు చిక్కు ఉద్యోగం దగ్గర. అల్లుడి కంపెనీ ఇంటినుంచి పనికి ఒప్పుకుంటోంది గానీ వారానికి రెండు రోజులు ఆఫీసులో కనపడాలంటోంది. మా అమ్మాయి పనిచేసేది ఒక ల్యాబ్‌లో, ఆ పని ఇంటినుంచి చేసేది కాదు. ఇక్కడ రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, శ్రీసిటీలో కంపెనీలు ఉన్నాయి గానీ తన చదువుకు తగినది, ఇప్పుడొచ్చే జీతంలో సగమైనా ఇచ్చేది ఇంకా దొరకలేదు. ఇలాంటప్పుడు చుట్టాలందరూ ఒకే మాట అంటారు, "అమ్మాయి కొన్నాళ్ళు మానేస్తే పోలా, ఖర్చే తక్కువ కదా" అని. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపు మండిపోతుంది. ఊరు మారడం వల్ల మిగిలే డబ్బు ఒక మనిషి పన్నెండేళ్ళ కష్టాన్ని ఆపేసి మిగిల్చేదైతే దాన్ని పొదుపు అనకండి. ఇల్లు మారాలనుకునే ప్రతి కుటుంబం ముందు ఆడవాళ్ళ ఉద్యోగం సంగతి తేల్చుకుని తర్వాతే అద్దె లెక్కలు వేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఈ చిక్కులో కుప్పం వాళ్ళు మనకంటే కొంత నయం. కుప్పం బెంగళూరు రైలు మార్గంలోనే ఉంది, సుమారు నూరు కిలోమీటర్లు, పొద్దున్నే రైలెక్కి పనికి వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చేవాళ్ళు అక్కడ ఉన్నారు. చిత్తూరు నుంచి బెంగళూరుకు రైల్లో వెళ్ళాలంటే కాట్పాడి చుట్టు తిరగాలి, తిరుపతి వాళ్ళదీ అదే దారి. బస్సెక్కితే పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా అయిదారు గంటలు. చిత్తూరు జిల్లా మీదుగా పోయే బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయితే కొంత కలిసొస్తుంది, కానీ అది కారున్నవాళ్ళ మాట. సోమవారం పొద్దున పది గంటలకు ఆఫీసులో కూర్చోబెట్టే రైలు ఒకటి, మళ్ళీ బుధవారం రాత్రికి తెచ్చి దించే రైలు ఒకటి ఉంటే ఎన్ని కుటుంబాలు ఇక్కడే ఉండిపోతాయో మన ఎంపీలు ఒక్కసారి ఆలోచించాలి.

మా పిల్లలకు నేను చెప్పింది ఇది. ఉద్యోగాలు వదలకండి, అక్కడి సామాను అమ్మకండి, ఇక్కడ స్థలం అసలే కొనకండి. స్కూలు సెలవుల్లో వచ్చి మండుటెండలో, కరెంటు పోయే మధ్యాహ్నాల్లో ఇక్కడి బతుకు చూడండి, కుదిరితే ఒక ఏడాది అద్దెకుండి అప్పుడు తేల్చుకోండి. పాప బడిలో కన్నడ నేర్చుకుంటోంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయడం రాదు, ఇక్కడ అక్షరాలనుంచి మొదలుపెట్టాలి. దానికి టైం ఇవ్వాలి.

ఇక కార్పొరేషన్ వాళ్ళకు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్ళకు నా విన్నపం. భక్తులకు రోజువారీగా ఇస్తున్న ఇళ్ళెన్నో వార్డులవారీగా లెక్క తీసి బయటపెట్టండి, వాటికి లైసెన్సు, వ్యాపార పన్ను ఉండాలి, నెల అద్దెకు ఇచ్చేవాళ్ళకు ఇంటిపన్నులో తగ్గింపు ఉండాలి. తుడా ఎప్పుడూ ప్లాట్లు వేసి అమ్మడమేనా, రేణిగుంట వైపు ఉద్యోగులకోసం అద్దె ఇళ్ళు కట్టి తన చేతిలోనే ఎందుకు ఉంచుకోకూడదు? ఇళ్ళకు రెండు నెలలకు మించి అడ్వాన్స్ వద్దని కేంద్రం 2021 నమూనా అద్దె చట్టంలో రాసింది, ఆ పద్ధతి ఇక్కడ ప్రతి వీధిలో అమలయ్యేలా చూడండి. వరద నీళ్ళు నిలిచిన సర్వే నంబర్ల జాబితా ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీద అతికించండి, కొనేవాళ్ళు చూసుకుని కొంటారు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు, వచ్చి మళ్ళీ వెళ్ళిపోయినవాళ్ళు ఇద్దరి అనుభవాలూ అద్దెలు, జీతాలు, స్కూలు ఫీజులతో సహా అచ్చువేయండి. జూన్‌లో బడులు తెరిచేలోపు మా ఇంట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి, మాలాంటివాళ్ళకు ఇప్పుడు కావాల్సింది ఆ వివరాలే.

ఇట్లు,
ఒక తల్లి,
బైరాగిపట్టెడ, తిరుపతి