శీనుకి, తెల్లపూల తీగ గురించి

ఒరేయ్ శీనూ,

ఆలస్యానికి తిట్టుకో, పడతాను. ఇక్కడంతా కులాసా, వేరే కబుర్లేం లేవు. తోటలో తెల్లపూల తీగ అల్లేస్తోందనీ, రోటవేటర్ పెట్టి దున్నించేస్తాననీ రాశావే, ఆగరా బాబూ! ఆ పనొక్కటీ చెయ్యకు.

అది బైండ్‌వీడ్, చిలగడదుంప కుటుంబమే. పువ్వుకి బాగా కింద, కాడ మీద రెండు బుల్లి రేకలుంటే పొలాల్లో వచ్చే రకం. పువ్వు పెద్దదై, అడుగున రెండు వెడల్పాటి ఆకురేకలు కప్పేసి ఉంటే కంచెల రకం. దాని తెల్లటి వేళ్లు అంత లోతుకి పోవు, ఓపిగ్గా తవ్వి తీయొచ్చు. మొదటిదే అసలు ‘పిలవని పెళ్ళికొడుకు’. వేరు 6 మీటర్ల దాకా దిగుతుంది. 5 సెంటీమీటర్ల ముక్క చాలు, మళ్లీ మొలుస్తుంది. రోటవేటర్ ఆ ముక్కల్ని తోటంతా నాటిపెడుతుంది, కూలి మాత్రం నువ్విస్తావు.

నీ ‘ఒక్క దెబ్బ’ సిద్ధాంతం ఇక్కడ చెల్లదురా. దీన్ని ఆకలితో మాడ్చాలి. కొత్త మొలక వేరులో దాచుకున్న పిండిపదార్థం తిని లేస్తుంది. రెండు మూడు వారాలు దాటితే ఆకులు చేసిన ఆహారం తిరిగి వేరుకి చేరుతుంది. ఆ లోపే పారతో మట్టికి నాలుగైదు సెంటీమీటర్ల కింద తెగ్గొట్టు. ప్రతిసారీ. చుట్టాలొచ్చినా సరే. కనీసం రెండు మూడేళ్లు. రెండో ఏడు పల్చబడగానే ‘పోయిందిలే’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ, అక్కడే అది గెలుస్తుంది. నిజానికి ఆ మొండితనం చూస్తే ముచ్చటే... సరే, వదిలెయ్.

కాయ కట్టనివ్వకు, విత్తనం మట్టిలో 20 ఏళ్ల పైన బతుకుతుంది. వేళ్లని కంపోస్టులో వెయ్యకు, ఎండలో పెళపెళలాడే దాకా ఎండబెట్టు.

గులాబీకి చుట్టుకుంటే లాగకు, కొమ్మ విరుగుతుంది. పైనుంచి చూస్తే తీగ గడియారానికి ఎదురు దిక్కున చుట్టుకుంటుంది, అంచేత కొస పట్టుకుని గడియారం దిక్కున విప్పు. (కుడీ ఎడమా నీకు తెలిసిన వైభవం తెలుసు, వాచీ పెట్టుకో.) కలుపుమందు కొట్టక తప్పదంటే, విప్పినదాన్ని తెగ్గొట్టకుండా పక్కన పాతిన కర్రకి పాకించు. ఆ మందు గ్లైఫోసేట్, అదీ నిండా పూతలో ఉన్నప్పుడు, వాడిపోకుండా ఉన్నప్పుడు. అప్పుడే ఆకుల ఆహారం వేరుకి దిగుతుంది, మందూ దాంతోపాటే దిగుతుంది. గులాబీ మీద పడితే అదీ దెబ్బతింటుంది, కనక తీగని ప్లాస్టిక్ సంచిలో దూర్చి లోపలే కొట్టు. ఒక్కసారికి చావదు, మళ్లీ చిగురిస్తే మళ్లీ.

నల్ల పట్టా కప్పే పద్ధతి కూడా ఉంది. వెలుతురు చొరబడే కన్నం ఒక్కటున్నా వృథా. ఆఖరి మొలక దాటి బాగా అవతలి దాకా పరవాలి, లేదంటే అంచు కిందనుంచి పాక్కుంటూ... అబ్బా, తపాలా వేళ దాటిపోతోంది, మిగతాది ఇంకో ఉత్తరంలో.

నీ
బాబ్జీ