టౌన్ హాలు పైకప్పు మరమ్మతు: జమా ఖర్చుల వివరణ

పట్టణ ప్రజలకు, చందాదారులకు నమస్కారం.

టౌన్ హాలు పఠన మందిరం పైకప్పు పెచ్చులూడి పడిన నాటి నుంచి మొన్న చెల్లించిన చివరి బిల్లు వరకు మా కమిటీ చేతికి వచ్చిన డబ్బు, మా చేతి నుంచి వెళ్లిన డబ్బు ఇక్కడ వివరిస్తున్నాం. ఈ పనికి రెండు వైపుల నుంచి సొమ్ము వచ్చింది. ఒకటి పురపాలక సంఘం అత్యవసర పనిగా మంజూరు చేసిన నిధి. రెండోది మీరు ఇచ్చిన చందా. రెండూ ఒకే భవనం మీద, ఒకే కాలంలో, చాలావరకు అదే మేస్త్రీ చేతుల మీదుగా ఖర్చయ్యాయి. అందుకే "మునిసిపాలిటీ చేయించాల్సిన పనికి మా దగ్గర చందాలెందుకు?" అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈ వివరణలో సగం దానికి జవాబు.

మామూలుగా పురపాలక సంఘం ఒక పని చేపట్టాలంటే అంచనా తయారు కావాలి, పాలనామోదం రావాలి, సాంకేతిక మంజూరు కావాలి, టెండరు పిలవాలి, గడువు ఇవ్వాలి, వచ్చిన ధరలు పరిశీలించాలి. ఇదంతా అయ్యేసరికి వానాకాలం వచ్చి వెళ్లిపోతుంది. ప్రాణహాని ఉన్నప్పుడు ఈ వరుసను దాటే వీలు నిబంధనల్లోనే ఉంది. టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిలో పని అప్పగించి, ఆ నిర్ణయాన్ని తర్వాత కౌన్సిల్ ముందు పెట్టి ఆమోదం తీసుకుంటారు. మన విషయంలో అదే జరిగింది. అయితే ఆ వెసులుబాటు ప్రమాదం ఉన్నంత మేరకే. కూలిన చోట, కూలబోతున్నట్టు ఇంజినీరు రాసిచ్చిన చోట ఖర్చు పెట్టవచ్చు. పక్కనే ఉన్న భాగం బయటికి బాగానే కనిపిస్తుంటే దాని మీద ఒక్క రూపాయి పెట్టినా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఈ కట్టడి మాకు ఇబ్బంది కలిగించిన మాట నిజమే. అయినా అది ఉండటమే మంచిదని మా అభిప్రాయం. లేకపోతే ప్రతి పనీ అత్యవసరమే అయి కూర్చుంటుంది.

పురపాలక సంఘం మంజూరు చేసింది రూ. 16,50,000. పఠన మందిరం పైకప్పుకు ఆసరా గుంజలు నిలపడం, చెడిన భాగం విప్పడం, పుచ్చిన దూలాలు మార్చడం, కప్పు తిరిగి వేయడం, అంతవరకు టార్పాలిన్లు కప్పి ఉంచడం ఇందులోకి వస్తాయి. చేసిన పని కొలతలు రాసే పుస్తకం ఎం బుక్‌లో నమోదైన పని విలువ రూ. 15,36,000. మిగిలిన మొత్తం పురపాలక సంఘం ఖాతాలోనే ఉంది, మాకు రాలేదు, రాకూడదు కూడా. ఈ లెక్కకు మేము బాధ్యులం కాము. పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి వీలుగా మాత్రమే ఇక్కడ రాశాం.

ఇక మా జమ.

రసీదు పుస్తకాల ద్వారా నగదు: రూ. 3,12,450
బ్యాంకు ఖాతాకు నేరుగా, యూపీఐ, చెక్కులు: రూ. 5,86,200
హాలు గేటు దగ్గర పెట్టిన చందా పెట్టె: రూ. 27,632
బ్యాంకు వడ్డీ: రూ. 4,118
మొత్తం జమ: రూ. 9,30,400

సభలో మాట ఇచ్చి ఇంకా చెల్లించని చందాలను ఇందులో కలపలేదు. చేతికి రానిదాన్ని జమ అనలేం. ఇటుకలు, నీళ్ల ట్యాంకర్లు, కప్పు విప్పినన్నాళ్లూ పుస్తకాలు దాచడానికి ఒక గది ఇచ్చిన వారున్నారు. వాటికి విలువ కట్టి జమలో చూపించి, అంతే మొత్తం ఖర్చులో చూపించడం కొందరి పద్ధతి. దానివల్ల అంకెలు పెద్దవవుతాయి తప్ప లాభం లేదనిపించి, ఆ దాతల పేర్లు విడిగా నోటీసు బోర్డు మీద పెట్టాం.

ఒక పెద్ద మొత్తాన్ని తిరిగి ఇచ్చేశాం. ముఖద్వారం మీద తమ కుటుంబం పేరు చెక్కించాలన్నది ఆ దాత షరతు. భవనం పురపాలక సంఘానిది. దాని గోడ మీద పేరు రాయించే హక్కు మాకు లేదు, లేని హక్కును అమ్మలేం. చెక్కు వచ్చినట్టే వెనక్కి వెళ్లింది కాబట్టి అది జమలోనూ లేదు, ఖర్చులోనూ లేదు.

ఆదాయపు పన్ను మినహాయింపు గురించి అడుగుతున్నవారికి మరోసారి చెబుతున్నాం: మా కమిటీకి 80జీ నమోదు లేదు. మా రసీదు చూపి మినహాయింపు కోరవద్దు. నమోదు ఉన్న సంస్థలకు ఇచ్చినా రూ. 2,000 దాటిన నగదు చందాకు ఆ మినహాయింపు వర్తించదు.

ఖర్చులోకి వెళ్లే ముందు ఆ కప్పు ఎలాంటిదో చెప్పాలి. అది తెలియకపోతే దూలాలకు అంత, సున్నానికి ఇంత ఎందుకయిందో అర్థం కాదు. మన టౌన్ హాలుది మద్రాస్ టెర్రస్ అనే పాత పద్ధతి కప్పు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి డంగు సున్నంతో పేరుస్తారు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొర వేసి దిమ్మిస కొడతారు. అన్నిటికన్నా పైన పలకలు పరుస్తారు. సున్నం కప్పు కొంత తడి పీలుస్తుంది, ఎండకు ఆ తడిని తిరిగి వదిలేస్తుంది. అది దాని స్వభావం.

ఎప్పుడో కారుతున్నదని దాని మీద సిమెంటు పూత వేశారు. మళ్లీ కారింది, మళ్లీ పూత, ఆపైన తారు. చదరపు మీటరుకు 2 సెంటీమీటర్ల సిమెంటు పూత సుమారు 40 కిలోల బరువు. ఇలా పొర మీద పొర పడి బరువు పెరిగింది. అంతకన్నా పెద్ద చేటు ఏమిటంటే, పగుళ్లలోంచి దిగిన నీరు పైకి ఆరే దారి లేక కిందికి, పక్కలకు పాకింది. పిట్టగోడలో మొలిచిన రావి మొక్క వేళ్లు నీటి తూమును మూసేశాయి. నిలిచిన నీరు ఒక్క సెంటీమీటరు లోతున్నా చదరపు మీటరుకు 10 కిలోలు. ఆ తడి అంతా దూలాల కొనలకు చేరింది. కలపలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే శిలీంధ్రం పట్టి పుచ్చడం మొదలవుతుంది. దూలం నడుమ భాగం గట్టిగానే ఉంటుంది, గోడలో దాగిన కొన మాత్రం పుచ్చి పిండి పిండి అవుతుంది. కింద నిలబడి తలెత్తి చూసేవారికి అది కనిపించదు.

మా చందా ప్రధానంగా ఖర్చయింది ఇక్కడే. పఠన మందిరం కప్పు పురపాలక సంఘం విప్పించింది. దాన్ని ఆనుకుని వేదిక మీది కప్పు ఉంది. అది కారడం లేదు, పెచ్చులూడలేదు, కాబట్టి అత్యవసర మంజూరులో లేదు. కానీ వయసు అదే, తారు అదే, గోడ అదే. పురపాలక ఇంజినీరు అడ్డు చెప్పలేదు గానీ ఖర్చు తమ అంచనాలో చూపలేమన్నారు. అందుకని భవన నిర్మాణాలు పరిశీలించే ఇంజినీరును విడిగా పిలిచి, వేదిక వైపు గోడలో దూలాల కొనల దగ్గర తొలిపించి చూపించాం. ఆయన పరిశీలన, రాతపూర్వక నివేదిక, పని జరుగుతున్నప్పుడు కొలతలు తీయడం కలిపి రూ. 45,000. ఇది ఎక్కువని సభలో ఒక అభిప్రాయం వచ్చింది. నివేదిక చదివితే ఆ అభిప్రాయం మారవచ్చు. కొన్ని కొనలు స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి వరకు దిగాయి.

వేదిక వైపు దూలాలన్నీ మార్చలేదు. పుచ్చిన కొనను గట్టి కలప వచ్చేదాకా కోసి, వేరే టేకు ముక్క అతికి, రెండు వైపులా ఉక్కు పలకలు పెట్టి బోల్టులు బిగించారు. అతకడానికి వీల్లేని వాటికి మాత్రమే కొత్త దూలాలు వేశారు. గోడలో కొన చుట్టూ గాలి ఆడేందుకు ఖాళీ వదిలారు. కలప, ఉక్కు, చెదల మందు కలిపి రూ. 2,68,500. మా ఖర్చుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

దానిపై కప్పుకు ఇటుక, సున్నం, కరక్కాయ, బెల్లం, పలకలు కలిపి రూ. 1,74,300. ఖర్చు కాగితంలో బెల్లం చూసి నవ్వుకున్నవారు ఉన్నారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీటిని సున్నంలో కలపడం మన పాత కట్టడాల్లో చేస్తూ వచ్చిన పనే. ఆ బిల్లు కూడా ఫైల్లో ఉంది. సిమెంటు కాంక్రీటు స్లాబు వేస్తే తొందరగా అయిపోయేది కదా అన్నవారికి జవాబు: సగం కప్పు సున్నంతో, సగం కాంక్రీటుతో ఉంటే ఎండకు రెండూ ఒకేలా వ్యాకోచించవు. అతుకు దగ్గర మళ్లీ పగులు, ఆ పగుల్లోంచి మళ్లీ నీరు.

కూలి రూ. 2,21,600. వడ్రంగులు, మేస్త్రీలు, దిమ్మిస కొట్టిన ఆడవాళ్లు అందరూ ఇందులో ఉన్నారు. సున్నపు పొరను కొయ్య బద్దలతో రోజుల తరబడి కొడుతూనే ఉండాలి, తర్వాత వారాల పాటు తడి ఆరకుండా కాపాడాలి. యంత్రంతో తొందరపెట్టే పని కాదు. ప్రజల సొమ్ము కాబట్టి కూలి తగ్గించి ఇవ్వండని మేము ఎవరినీ అడగలేదు. చందా ఇచ్చే పుణ్యం వాళ్ల రోజు కూలిలోంచి రాకూడదు.

మేస్త్రీ ఒకరే అయినప్పుడు ఏ పని ఎవరి లెక్కలోకి వెళ్లిందో ఎలా తెలుస్తుంది? పఠన మందిరానికి, వేదికకు మధ్య గోడ నడిమి గీతను హద్దుగా పెట్టుకున్నాం. గీతకు అటువైపు కొలతలు పురపాలక సిబ్బంది ఎం బుక్‌లో రాశారు. ఇటువైపువి మా ఇంజినీరు వేరే పుస్తకంలో రాశారు. సున్నం, ఇటుక లారీలు వేర్వేరు ఇన్‌వాయిసులతో వచ్చాయి, వేర్వేరు చోట్ల దించారు. ఈ జాగ్రత్త మేస్త్రీకి విసుగు తెప్పించింది. ఒక గమేళా ఇసుక అటు నుంచి ఇటు వచ్చినా రాయమంటే ఎవరికైనా విసుగే. అయినా ఒకే పనికి రెండు చోట్లా బిల్లు పెట్టే అవకాశం లేకుండా చేయడానికి మాకు ఇంతకన్నా మంచి ఉపాయం తోచలేదు.

తక్కినవి చిన్నవి. పాత విద్యుత్ తీగలు కప్పుతో పాటే ఊడివచ్చాయి. పఠన మందిరంలోనూ వేదిక మీదా కొత్త తీగలు, గొట్టాలు, స్విచ్చులు, పని కూలితో రూ. 92,400. ఇది కూడా అత్యవసర మంజూరులో రాదు, ఎందుకంటే తీగలు కప్పు కాదు. పుస్తకాలు, బీరువాలు, గోడ మీది పటాలు తరలించి తిరిగి తేవడానికి రూ. 38,750. తూములు వెడల్పు చేసి కొత్త గొట్టాలు దించడానికి రూ. 31,200. రసీదు పుస్తకాల ముద్రణ, బ్యాంకు చార్జీలు రూ. 6,840. ఆడిటరు గారు ఫీజు తీసుకోలేదు.

మొత్తం ఖర్చు రూ. 8,78,590. చేతిలో నిల్వ రూ. 51,810, అంతా బ్యాంకులోనే ఉంది. అయితే ఇందులో రూ. 24,000 మనది కాదు. అది మేస్త్రీకి చెల్లించవలసిన కూలిలో ఆపి ఉంచిన మొత్తం. ఒక వానాకాలం గడిచి, వేదిక కప్పు కారలేదని ఇంజినీరు రాసిచ్చాక ఇస్తామన్నది ఒప్పందం. అది పోగా నికరంగా మిగిలేది రూ. 27,810. దీన్ని ఏటా వానలకు ముందు కప్పు ఊడ్పించి, తూములు శుభ్రం చేయించి, మొలకలు పీకించడానికి వాడాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. నిర్ణయం సర్వసభ్య సమావేశానిది. పురపాలక సంఘం ఆ పనిని తన ఏటా నిర్వహణ పద్దులో చేర్చుకుంటే ఈ డబ్బు ముట్టుకోనవసరం లేదు. ఆ మేరకు లేఖ ఇచ్చాం, జవాబు రావలసి ఉంది.

పాత టేకు గురించి గుసగుసలు వినిపిస్తున్నాయి కాబట్టి అదీ చెబుతాం. విప్పిన దూలాలకు మార్కెట్‌లో మంచి విలువ ఉంది. అమ్మి కమిటీ జమలో వేసుకుంటే చందాలే అవసరం ఉండేది కాదని ఒక సలహా వచ్చింది. వేదిక వైపు దూలాలు మన డబ్బుతో విప్పించాం కదా, అవైనా మనవే కదా అని మరొకరు వాదించారు. విప్పిన కూలి మనది, కలప పురపాలక సంఘానిది. రెండు వైపుల కలపనూ కొలిచి, పొడవు, మందం రాసి అప్పగించాం. అందిన రసీదు మా దగ్గర ఉంది. పనికొచ్చే ముక్కలను అతుకులకు తిరిగి వాడటానికి ముందే అనుమతి తీసుకున్నాం, ఆ కొలతలు విడిగా చూపించాం. మిగిలినదాన్ని వేలం వేసి ఆ సొమ్మును తమ ఖజానాలో జమ చేసుకోవడం వారి పని.

వోచర్లు, బ్యాంకు పాసుపుస్తకం, రెండు కొలతల పుస్తకాల నకళ్లు, ఇంజినీరు నివేదిక హాలు కార్యాలయంలో ఉన్నాయి. చందా ఇచ్చినవారే కాదు, ఎవరైనా వచ్చి చూడవచ్చు. అభ్యంతరం ఉంటే వోచరు నంబరు రాసి కాగితం మీద ఇవ్వండి. దానికి జవాబు కూడా కాగితం మీదే ఇస్తాం, రెండూ నోటీసు బోర్డు మీద పెడతాం.

పంచిన రసీదు పుస్తకాలన్నీ వెనక్కి వచ్చాయి. వాడని రసీదులకు అడ్డగీత కొట్టి రద్దు చేశాం. గేటు దగ్గరి పెట్టె తీసేశాం. వసూళ్లు ముగిశాయి కాబట్టి ఇకపై టౌన్ హాలు పైకప్పు పేరు చెప్పి ఎవరు చందా అడిగినా, వాళ్లు మా కమిటీ సభ్యులైనా సరే, దయచేసి ఇవ్వవద్దు.