హక్కులు తీరిన సినిమాకు దిక్కెవరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. గత నెలలో మా పేట గ్రంథాలయంలో పదిమందిమి కూర్చుని, 1962లో వచ్చిన హిందీ చిత్రం ‘బీస్ సాల్ బాద్’ చూద్దామనుకున్నాము. ఇంటర్నెట్‌లో దొరికినవాటిలో కాస్త మెరుగైనదాన్ని ఎంచుకుని వేసుకుంటే, ఊరవతల రాత్రివేళ సాగే దృశ్యాలన్నీ మనిషేదో చెట్టేదో తెలియకుండా మసిబారిపోయాయి. దానిని ఎక్కించినవారి ముద్ర మాత్రం కుడి మూలన మొదటి నుంచి చివరిదాకా తెల్లగా వెలుగుతూనే ఉంది. భయపడవలసిన చోట మా మనవడు నవ్వాడు.

తప్పు వాడిది కాదు. ఠాకూరు చేసిన పాపానికి బలైన పల్లెపడుచు ఆత్మ ఆ వంశాన్ని వెంటాడుతోందని ఊరంతా నమ్మే ఈ కథకు చీకటే ప్రాణం. దర్శకుడు బీరేన్ నాగ్ కళా దర్శకత్వం నుంచి వచ్చినవాడు. అదే ఏడాది వచ్చిన ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’కు కళా దర్శకుడు ఆయనే. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ రాసిన వేటకుక్క నవల నీడ ఈ కథ మీద ఉన్నప్పటికీ, ఇక్కడ భయపెట్టేది కుక్క కాదు, చీకట్లో పాడే ఆడగొంతు. హేమంత్ కుమార్ బాణీలో లతా మంగేష్కర్ పాడిన ‘కహీ దీప్ జలే కహీ దిల్’ ఎటునుంచి వస్తోందో తెలియకుండా వినిపించాలి. (చూడనివారి కోసం అంతకుమించి చెప్పను.) నలుపులోని పొరలన్నీ ఒకే మసి ముద్దగా మారిన ప్రతిలో ఆ పాట దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమం ‘చిత్రహార్’లో వచ్చే పాటలా మిగిలింది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమా విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లకు దాని హక్కులు తీరిపోతాయి. ఆ లెక్కన ఈ చిత్రం 2023 జనవరి 1 నుంచి ప్రజలందరిదీ అయింది. పాటల సాహిత్యానికి, బాణీలకు గడువు వేరు: రచయిత, స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్లు. ఈ పాటలు రాసిన షకీల్ బదాయునీ 1970లోను, హేమంత్ కుమార్ 1989లోను కన్నుమూశారు. ఈ తేడా తెలియక గ్రంథాలయాలవారు, ఫిల్మ్ క్లబ్బులవారు దేనినీ ప్రదర్శించడానికి సాహసించడం లేదు. తెలిసినా పట్టించుకోనివారేమో అరిగిపోయిన ప్రతులకు తమ ముద్రలు వేసుకుని ప్రకటనల డబ్బు దండుకుంటున్నారు.

పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం 1964 నుంచి పనిచేస్తోంది. 2022లో దానిని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపారు. పాత చిత్రాలను డిజిటల్‌లోకి మార్చే పని ప్రభుత్వ ఖర్చుతోనే సాగుతున్నప్పుడు, ఏటా జనవరిలో హక్కులు తీరిన చిత్రాల జాబితాను ప్రకటించి, వాటిలో తమ వద్ద మంచి ప్రతి ఉన్నవాటిని, పాటల హక్కుల సంగతి కూడా అక్కడే తేల్చి, ఎవరైనా చూసుకునేలా ఉంచడానికి అభ్యంతరమేమిటో అర్థం కాదు.

ఇది హిందీవారి గోడు మాత్రమే కాదు. ఆ చిత్రంలోని వహీదా రెహ్మాన్‌ను 1955లో ‘ఏరువాక సాగారో’ అంటూ తెరమీదికి తెచ్చింది మన ‘రోజులు మారాయి’. దాని హక్కులు 2015తోనే తీరిపోయాయి. మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కనీసం ఆ ఒక్క చిత్రానికైనా మంచి ప్రతి తీయించి జిల్లా గ్రంథాలయాలకు పంపితే, వచ్చేసారి మేము దానితోనే మొదలుపెడతాము.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి